డెల్మర్ ఆస్ట్‌బీ శనివారం వాఫల్స్

మా హాల్వర్ లేక్ ఊళ్ళో మనిషి మొహం మీద నిజం చెప్పడం కన్నా గడ్డకట్టిన సరస్సు మీద చెప్పుల్లేకుండా నడవడం సులువు. వండినది బాగా లేకపోతే బాగా లేదని ఎవరూ అనరు. "ఇది కాస్త వేరుగా ఉంది" అంటారు. ఆ మాట విన్న ఇల్లాలు ఆ వంట జన్మలో మళ్ళీ చెయ్యదు. బ్రహ్మాండంగా ఉంటే "మరీ చెడ్డగా ఏం లేదు" అంటారు. ఆ మెప్పు సంపాదించిన వాళ్ళు చచ్చేదాకా దాన్ని తలుచుకుంటారు. ఇలాంటి ఊళ్ళో పుట్టి, పెరిగి, తల నెరిసినా ఆ మర్మం ఒక్క పిసరు ఒంటబట్టని మనిషి ఒకడున్నాడు. అతని పేరు డెల్మర్ ఆస్ట్‌బీ.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ డెల్మర్ కౌంటీ రోడ్ల మీద మంచు తోసే బండి నడిపాడు. బతుకంతా ఆ బండి మోతలో గడిపినవాడికి జనం సన్నగా అనే మాటలు చెవికెక్కకపోవడంలో వింతేమీ లేదు. రిటైరైన ఏడాదే డాక్టరు రక్తపరీక్ష చూసి, తెల్లపిండి, వెన్న, పంచదార తగ్గించమన్నాడు. మరొకరైతే ఒక మాత్ర మింగి, ఆదివారం చర్చిలో రెండో డోనట్ మానేసి ఊరుకునేవారు. డెల్మర్ పిండిమర కొన్నాడు.

దాన్ని బట్టలుతికే గదిలో బిగించాడు. గోధుమలు, రై, ఓట్స్, అవిసెగింజలు సంచుల్లో తెచ్చి గోడవారగా పేర్చాడు. మర తిరుగుతుంటే ఇల్లంతా అదిరేది. భార్య ఆర్లిస్ ఆ మోతకి టీవీ కట్టేసి పక్క గదిలోకి పోయేది. డెల్మర్‌కి మాత్రం పాత బండి మళ్ళీ ఎక్కినంత సంబరం. సన్నగా విసిరితే గింజలో బలం చచ్చిపోతుందని అతని సిద్ధాంతం. అందుకని రవ్వకీ కంకరకీ మధ్యరకంగా విసిరేవాడు. కంకర రోడ్ల మీద ఏళ్ళ తరబడి తిరిగినవాడు కదా, ఆ పిండిని చూస్తే అయినవాళ్ళని చూసినట్టుండేది.

ఆ పిండితో శనివారం పొద్దున వాఫల్స్, అంటే గళ్ళపెనంలో కాల్చే మందపాటి అట్లు. రాత్రే మజ్జిగలో నానబెట్టేవాడు. వెన్నకి బదులు ఉడికించిన ఆపిల్ గుజ్జు. పంచదార నిషేధం. సెప్టెంబరులో ఆపిల్ ముక్కలు, నవంబరులో పుల్లటి క్రాన్‌బెర్రీలు, గడ్డకట్టే చలి మా దగ్గర అయిదు నెలలుంటుంది కాబట్టి ఆపైన అంతా ఫ్రీజర్‌లో దాచిన బ్లూబెర్రీలు. జిడ్డు లేని పిండి గళ్ళపెనానికి అంటుకుపోయేది. డెల్మర్ ఫోర్కుతో పొడిచి, పీకి, రెండు ముక్కలైతే అతికించి కంచంలో వేసేవాడు.

"తీపి పండులోనే ఉంటుంది. నాలుక వెతుక్కోవాలంతే" అనేవాడు. నేతిబీరకాయలో నెయ్యి వెతుక్కున్నట్టు అందరి నాలుకలూ వెతుక్కునేవి.

ఆ అందరూ ఎవరంటే, భార్య ఆర్లిస్, పక్క ఊరినుంచి కారులో వచ్చే కూతురు మారిట్, అల్లుడు నోలన్, వాళ్ళ ఆరేళ్ళ కూతురు టిల్డా. మొదటి శనివారం నోలన్ ఒక ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. కాఫీ తాగాడు. ఇంకా నమిలాడు.

"ఇది కాస్త వేరుగా ఉంది, డెల్మర్" అన్నాడు చివరికి.

ఆర్లిస్ ఫోర్కు కింద పెట్టేసింది. అల్లుడు అంతమాట అనేశాడే అనుకుంది. డెల్మర్ మొహం మాత్రం చేటంత అయింది.

"వేరుగా లేకపోతే నేను చెయ్యడం దేనికి, కొట్లో డబ్బాపిండి తెచ్చుకోవచ్చుగా. ఇంకోటి వేస్తాను."

"అబ్బే, వద్దండి. చాలు."

"మొహమాటపడకోయ్."

"నిజంగా వద్దండి. కడుపు నిండిపోయింది."

"ఒక్కటి. చిన్నది."

రెండుసార్లు వద్దని మూడోసారి సరేననడం మా ఊరి మర్యాద. ఆకలితో చస్తున్నవాడు కూడా అలాగే తింటాడు. దీనివల్ల వచ్చిన చిక్కేమిటంటే, నిజంగా వద్దనుకున్నవాడికి చెప్పడానికి మాట మిగల్లేదు. నోలన్ పాపం మూడోసారి నోరు తెరిచేలోగా కంచంలో రెండో వాఫల్ పడింది. మొహమాటానికి పోతే ఏదో అయిందని పెద్దలు ఊరికే అనలేదు.

ఇంతకీ డెల్మర్‌కి ఆ వాఫల్స్ అంటే అంత ప్రేమా అంటే, అదీ లేదు. క్రాన్‌బెర్రీల కాలం వచ్చేసరికి అతనికే మొహం మొత్తింది. కొలెస్టరాల్ కోసమైతే వారానికో రోజు గంజి తాగితే సరిపోయేది. అతనికి కావలసింది టిల్డా. ఆ పిల్ల వచ్చి, బోర్లించిన బకెట్ ఎక్కి నిలబడి, గరిటె రెండు చేతులా పట్టుకుని పిండి కలుపుతూ, బళ్ళో ఎవరి పన్ను ఊడిందో, ఎవరు ఎవర్ని కరిచారో పూసగుచ్చినట్టు చెప్పేది. ఆ గంట కోసమే డెల్మర్ మిగతా వారమంతా ఓర్చుకునేవాడు. జనవరిలో ఒకరోజు మారిట్ కోటు తొడుక్కుంటూ అంది.

"నాన్నా, టిల్డాకి ఈత క్లాసులో చోటు దొరికేట్టుంది."

"మంచిదేగా. ఎప్పుడు?"

"శనివారం పొద్దున."

డెల్మర్ చేతిలో పట్టుకున్న మనవరాలి చేతితొడుగుని అటూ ఇటూ తిప్పాడు. అతని మొహం చూసి మారిట్ మాట మార్చింది. "ఇంకా ఏం అనుకోలేదులే. నీ వాఫల్స్ వదులుకుని ఎక్కడికి పోతాం."

ఇది మా ఊరి మాట. పొరుగూరి పసిపిల్లకి కూడా అర్థమవుతుంది. డెల్మర్ మాత్రం దాన్ని కళ్ళకద్దుకున్నాడు. ఈ వాఫల్స్ ఉన్నంతకాలం పిల్ల వస్తుంది, ఇవి మానేస్తే ఈత కొలను గెలుస్తుంది అని తీర్మానించుకున్నాడు. ఆ మర్నాడే ఇంకో సంచి రై తెచ్చాడు.

వాఫల్ చెయ్యడంలో ఒక ఇబ్బంది ఉంది. పెనంలో ఒకసారికి ఒకటే కాలుతుంది. చేసేవాడు పెనం దగ్గరే నిలబడాలి. ఆ ఇంట్లో పెనం గట్టు మీద, గోడవైపు. బల్ల అతని వెనకాల. కాబట్టి చలికాలమంతా డెల్మర్ తన వాళ్ళు తినడం ఒక్కసారీ చూడలేదు. వెనక్కి తిరిగినప్పుడల్లా కంచాలు ఖాళీగా కనిపించేవి. మధ్యలో ఉన్న పళ్ళెంలో ఒకే ఒక్క వాఫల్ మిగిలేది. ఆఖరి ముక్క ఎవరూ తీసుకోకపోవడం కూడా మా మర్యాదే. అది చూసి మిగతావన్నీ లొట్టలేసుకుంటూ తిన్నారని లెక్కేసుకునేవాడు.

పెనం మీద పిండి కాలుతుంటే అతను గోడకేసి చూస్తూ పాత కబుర్లు చెప్పేవాడు. ఎన్నిసార్లు చెప్పినా చివర ఒకటే మాట. "మంచులో ఏది పోయినా ఏప్రిల్‌లో దొరుకుతుంది. పోస్టుడబ్బాలు దొరికాయి, బూట్లు దొరికాయి, ఒకసారి కట్టుడుపళ్ళు దొరికాయి, నవ్వుతూ." వెనకాల అందరూ "ఆహా" అనేవారు. అంటూనే ఒళ్ళోని నాప్‌కిన్‌లో వాఫల్ మడిచేవారు. చెవులుండీ వినడంలేదని డెల్మర్ ఒక్కణ్ణే అనడం న్యాయం కాదు.

ఇక సెలవు తీసుకోవడం. మా దగ్గర అది ఒక గంట కార్యక్రమం. బల్ల దగ్గర ఒకసారి, గుమ్మంలో ఒకసారి, కారు దగ్గర ఒకసారి, కారు అద్దం దించి ఇంకోసారి. ఈలోపు ఎవరో ఒకరు గరాజు వెనక్కి వెళ్ళి రావడానికి కావలసినంత వ్యవధి. వాళ్ళు వెళ్ళాక ఆర్లిస్ తొక్కల బుట్ట పట్టుకుని అదే దారిన వెళ్ళేది. సాయంత్రానికి మంచు పడేది. మర్నాడు డెల్మర్ మంచు చిమ్మే యంత్రం తీసి, వాకిలంతా శుభ్రం చేసి, ఆ మంచుని గరాజు వెనకాల గుట్ట మీదకి చక్కగా చిమ్మేవాడు. తన వాఫల్స్‌ని వారం వారం తానే కప్పెట్టాడన్నమాట, ఎంతో శ్రద్ధగా.

ఏప్రిల్ వచ్చింది. నాలుగు రోజులు గట్టిగా ఎండ కాసింది. బుధవారం పొద్దున డెల్మర్ కాఫీ కప్పు పట్టుకుని గరాజు వెనక్కి వెళ్ళాడు.

గుట్ట సగానికి దిగింది. దాన్నిండా వాఫల్స్. గళ్ళు గళ్ళుగా, ఎండకి మెరుస్తూ, ఒకదాని మీద ఒకటి. ఒక్కటీ చెడలేదు. అడుగున క్రాన్‌బెర్రీలవి, పైన బ్లూబెర్రీలవి. కొన్ని క్రిస్మస్ నాటి ఎర్ర నాప్‌కిన్లలో చుట్టినవి. వాటిలో కొరకనివే ఎక్కువ. ఒకదానికి చిన్న పంటిగాటు ఉంది, పాలపన్ను ఊడిన సందుతో సహా. పక్షి ముట్టలేదు, ఉడుత ముట్టలేదు.

డెల్మర్‌కి సిగ్గేసింది. ఆ తర్వాత కోపం వచ్చింది. శుక్రవారం రాత్రుళ్ళు అలారం పెట్టుకుని లేచి పిండి కలియబెట్టిన మనిషి అతను.

కంచె అవతల పక్కింటి గోర్డీ తన కుక్క రస్టీతో నిలబడి ఉన్నాడు.

"మంచు బాగానే దిగుతోంది" అన్నాడు గోర్డీ.

"దిగుతోంది."

"ఫిబ్రవరిలో మా రస్టీ ఒకటి నోట కరుచుకొచ్చింది."

"తిందా?"

"లేదు. గొయ్యి తవ్వి పాతిపెట్టింది." గోర్డీ కుక్క తల నిమిరాడు. "ఇది ఒడ్డున చచ్చిన చేపలు తింటుంది, డెల్మర్." మళ్ళీ మంచి మనిషి కాబట్టి ఓదార్పుగా అన్నాడు, "వాసన మాత్రం మరీ చెడ్డగా ఏం లేదు."

డెల్మర్ ఇంటివైపు తిరిగాడు. అప్పుడు కనిపించింది అసలు దెబ్బ. పెరటి గుమ్మానికి దగ్గరగా, విడిగా, పొందికగా పేర్చినట్టు ఇంకో కుప్ప. అంత పొందికగా చెత్త పారేసే మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది.

ఆర్లిస్ వంటింట్లో కంచం తుడుస్తోంది.

"గరాజు వెనక్కి వెళ్ళావా ఈమధ్య?" అన్నాడు.

"దేనికి?"

"మంచు దిగింది."

"ఏప్రిల్ కదా" అంది ఆర్లిస్, తుడిచిన కంచాన్నే మళ్ళీ తుడుస్తూ.

"ఇన్నేళ్ళు కాపురం చేశావు. బాగా లేదని ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదా నీకు?"

ఆర్లిస్ కంచం కింద పెట్టింది. ఆమెకీ పౌరుషం వచ్చింది. "చెప్పకపోవడమేం? వేరుగా ఉందన్నాను. ఒకసారి కాదు, నాలుగుసార్లన్నాను. ఇంకా విప్పి చెప్పమంటే ఎలా, నేనేమన్నా మర్యాద తెలియని మనిషినా?"

డెల్మర్ కుర్చీలో కూలబడ్డాడు.

"వాళ్ళతో మాత్రం అనకు" అంది ఆర్లిస్, గొంతు తగ్గించి. "మారిట్ సంగతి నీకు తెలుసు. సిగ్గుపడిందంటే ఇక ఈ గడప తొక్కదు. పెద్దవీధి వాళ్ళు చర్చి విందుకి ఎవరో వండి తెచ్చిన కాసరోల్‌ని చెత్తబుట్టలో వేస్తుంటే ఎవరో చూశారని చర్చి మార్చేశారు, గుర్తుందా? దీనికి ఆ ఈత క్లాసు ఉండనే ఉంది. శుక్రవారం లోపల పార తీసుకుని మొత్తం ఎత్తేద్దాం."

డెల్మర్ కిటికీలోంచి గరాజు వెనక గుట్ట వైపు చూశాడు. ఆమె చెప్పింది నిజమే. వాళ్ళతో అంటే పిల్ల దూరమవుతుంది. అనకపోతే బతికున్నన్నాళ్ళూ ఈ మనుషుల కోసం పిండి విసరాలి, వాళ్ళు పారెయ్యడానికి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఒక్కటీ ఎత్తొద్దు" అన్నాడు.

శనివారం మారిట్ కుటుంబం వచ్చేసరికి వంటింట్లో బల్ల జరిపి ఉంది. కిటికీకి ఆనించి, కుర్చీలన్నీ పెరటివైపు చూసేలా. తెరలు తీసేసి ఉన్నాయి. అద్దం కూడా తుడిచి ఉంది. అవతల గుట్ట ఇంకాస్త దిగి, అందులో ఉన్నదంతా బాహాటంగా ఉంది.

మారిట్ చూసింది. నోలన్ చూశాడు. ఆర్లిస్ తన చేతుల్ని చూసుకుంది. తేలుకుట్టిన దొంగల్లా ముగ్గురూ కుర్చీల్లో కూర్చున్నారు.

"మంచు దిగినట్టుందే" అన్నాడు నోలన్, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"ఏప్రిల్ కదా" అంది ఆర్లిస్.

"మొన్నటి ఏడాది ఇంకా తొందరగా దిగింది" అంది మారిట్.

"అప్పుడు కింద ఏం లేదు" అన్నాడు డెల్మర్, పళ్ళెం తెచ్చి మధ్యలో పెడుతూ.

పళ్ళెంలో తెల్లపిండి వాఫల్స్. డబ్బాపిండివి, వెన్న ఓడుతున్నవి, బంగారు రంగువి, మీద పంచదారతో మగ్గిన స్ట్రాబెర్రీలు. ఆ వాసనకి నోలన్ కళ్ళు అరమోడ్పులయ్యాయి. ఆ ఇంట్లో అలాంటి వాసన వచ్చి ఏడు నెలలు దాటింది.

"నాన్నా, నీవి ఏమయ్యాయి?" అంది మారిట్.

"మీకు మొహం మొత్తాయేమో అనుకున్నాను."

బంగారంలాంటి అవకాశం. అవును నాన్నా అంటే అయిపోయేది. నవ్వుకుని, తినేసి, పార పట్టుకుని అందరూ పెరట్లోకి వెళ్ళేవారు. డెల్మర్ నిజంగానే ఆ మాట కోసం కూతురి మొహంలోకి చూశాడు, ఆశగా చూశాడు. మారిట్ కిటికీలోంచి చూసింది. ఎర్ర నాప్‌కిన్ ఒకటి గాలికి ఊగుతోంది. ఆమె మెడ దాకా ఎర్రబడింది.

"మొహం మొత్తడమేంటి నాన్నా" అంది. "వారమంతా వాటికోసమే చూస్తాం."

"అవును, ఇలాంటి తెల్లపిండివైతే ఎక్కడైనా దొరుకుతాయి" అన్నాడు నోలన్. బల్లకింద అతని కాలు మీద భార్య కాలు పడింది లెండి.

"నిజంగానా?" అన్నాడు డెల్మర్.

"నిజంగా."

"మొహమాటం వద్దు. ఇవే తినండి."

"లేదండి, మీవే కావాలి" అన్నాడు నోలన్, ఏడుపు గొంతుతో.

"సరిగా ఆలోచించుకునే అంటున్నారా?"

మూడుసార్లు అడిగాడు. మర్యాదకి ఎక్కడా లోటు చెయ్యలేదు. మూడుసార్లూ వాళ్ళ నోటితో వాళ్ళే ఉరి బిగించుకున్నారు. డెల్మర్ బంగారు రంగు వాఫల్స్ పళ్ళెం తీసి ఫ్రిజ్ మీద పెట్టాడు. ఫ్రిజ్ లోపలినుంచి ఇంకో గిన్నె తీశాడు.

"ఎందుకైనా మంచిదని రాత్రి నానబెట్టాను" అన్నాడు.

ఆపైన పెనాన్ని గోడ దగ్గరినుంచి తెచ్చి, పొడుగు తీగ తగిలించి, బల్ల మీద, సరిగ్గా వాళ్ళ మొహాల ముందు పెట్టాడు. తనూ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ ఈ ఉపాయం తట్టనందుకు తనని తాను తిట్టుకున్నాడు. మొదటిది కాలింది. పొడిచి, పీకి, నోలన్ కంచంలో వేశాడు. రెండోది మారిట్‌కి. మూడోది ఆర్లిస్‌కి, కాస్త పెద్దది. వంటింట్లో నమిలే చప్పుడు తప్ప ఇంకేం లేదు. అవిసెగింజలు పళ్ళకింద పటపటమంటున్నాయి. డెల్మర్ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఒక్కొక్కరినీ చూశాడు. ఒళ్ళోకి చెయ్యి జారిస్తే చెయ్యి వైపు చూశాడు. చెయ్యి పైకి వచ్చింది.

టిల్డా తన కంచంలోదాన్ని ఫోర్కుతో నాలుగైదుసార్లు తట్టి చూసింది. తర్వాత కిటికీలోంచి చూసి, చాలా చిక్కుసమస్య వచ్చినట్టు తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, మంచు అయిపోయింది కదా. ఇప్పుడు వీటిని ఎక్కడ పెట్టాలి?"

నోలన్‌కి పొలమారింది. మారిట్ మొహం రెండు చేతుల్లో దాచుకుంది. ఆర్లిస్ ఏసుక్రీస్తుని తలుచుకుంది. డెల్మర్ మనవరాల్ని చూశాడు. మొత్తం చలికాలంలో ఆ ఇంట్లో పలికిన మొదటి నిజం అది. అతని బుధవారం నాటి కోపం కాస్త దిగింది.

"మీ నాన్న కంచంలో పెట్టమ్మా" అన్నాడు.

టిల్డా పెట్టింది. డెల్మర్ లేచి ఫ్రిజ్ మీది పళ్ళెం దించి ఆ పిల్ల ముందు ఉంచాడు. డాక్టరుని ఒక్క పూటకి పక్కన పెట్టి తనూ ఒకటి వేసుకున్నాడు. పళ్ళెం మధ్యలోనే ఉంది, అందరికీ అందేలా. "మాకూ ఒకటి ఇవ్వు" అంటే చాలు. డెల్మర్ ఎదురుచూశాడు. వాళ్ళు వెన్న కరగడం చూశారు, పాకం గళ్ళలోకి దిగడం చూశారు. ఎవరూ నోరు విప్పలేదు. నోట్లో ఉన్నదే నములుతూ పోయారు.

"ఎలా ఉందే?" అన్నాడు డెల్మర్, మనవరాలితో.

"బాగుంది తాతా. ఆ ఇంకోటి ఛీ" అంది టిల్డా, మూతి నిండా పంచదారతో.

ఆరోజు సెలవు తీసుకోవడం ఎప్పటికన్నా పొడుగ్గా సాగింది. బల్ల దగ్గర, గుమ్మంలో, కారు దగ్గర అందరూ నిలబడ్డారు గానీ గరాజు వెనక్కి ఎవరూ పోలేదు. మారిట్ కారెక్కి, అద్దం దించి, తండ్రి మొహంలోకి చూడకుండా చెప్పింది.

"నాన్నా, ఈత క్లాసు వద్దనేశాం. శనివారాలు ఇక్కడికే వస్తాం."

డెల్మర్ కోరుకున్నది అదే. తప్పు చేశామన్న బాధతో వస్తున్నారని అతనికి తెలుసు. ప్రేమతో వస్తే బాగుండేదని ఒక్క క్షణం మనసు చివుక్కుమంది కూడా. వెనక సీట్లో టిల్డా అద్దానికి ముక్కు ఆనించి చెయ్యి ఊపుతోంది. ఆ ముక్కుని చూశాక అతనికి ఆ తేడా పట్టింపు లేకపోయింది.

"మంచిదమ్మా" అన్నాడు, కారు తలుపు మీద చెయ్యి ఆనించి. "ఫ్రీజర్‌లో క్రాన్‌బెర్రీలు ఇంకా రెండు సంచులున్నాయి."